లత లథా ఎందుకైంది?

ఈమధ్య దాదర్‌లో మనవాళ్ల సభ ఒకటి జరిగింది. పదో తరగతి పాసైన ఒక అమ్మాయి మైకు ముందుకొచ్చి, "నా పేరు లత. బళ్లో అందరూ లథా అంటారు. మీరూ అలాగే పిలవండి, ఫరవాలేదు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

లతా మంగేష్కర్ ఇన్నేళ్లు పాడిన ఈ ఊళ్లో లత అని పిలవడం ఎవరికి రాదండీ? మరాఠీ టీచరమ్మను ఆడిపోసుకోకండి. 'త'కు ఇంగ్లీషులో టీహెచ్ రాయడం మన దక్షిణాది అలవాటు. ఇక్కడ టీహెచ్ అంటే 'థ'. ఫారంలో తండ్రి రాసిందే ఆవిడ చదివింది. 'కొండ' ఇంటిపేరును కోండా అన్నారంటే అర్థముంది. మరాఠీలో హ్రస్వ 'ఒ'కు వేరే అక్షరం లేదు. 'త'కు ఏం లోటొచ్చింది?

"ఒక్క అక్షరానికి ఇంత రభసా?" అంటారు మన పెద్దమనుషులు. బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాణ్ణి. ఆ ఒక్క అక్షరం కోసం అఫిడవిట్లు పట్టుకుని తిరిగిన ముసలమ్మలను చూశాను.

నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసిన మనవాళ్లందరినీ కలిపి కామాఠీలన్నారు. పేటకు కామాఠీపుర అనే పేరు మిగిలింది, మనుషుల పేర్లు మిగల్లేదు. వాళ్లను ఎవరూ అడగలేదు. మనమో, అడక్కుండానే ఇచ్చేస్తున్నాం.

2024 మే 1 నుంచి పుట్టిన పిల్లలకు మహారాష్ట్రలో తల్లి పేరు కూడా రాయాలి. ఆ ఫారం నింపేటప్పుడు ముందు మరాఠీలో మీ చేత్తో రాయండి, ఇంగ్లీషు తర్వాత. రాకపోతే పక్క ఖోలీ కాకాను అడగండి.