యాసను గూర్చి యొక మాట

ఒడిశానుండి ఇటుకబట్టీల పనికై తెలంగాణమునకు వచ్చిన కుటుంబపు బాలుడొకడు తెలుగుబడిలో చేరెననుకొందము. వాడు నోరు తెరచినంతనే తోటివారు నవ్వుదురు. కొన్నినెలలకు వాడు ఆ యూరి పిల్లల యాసనే పలుకసాగును. అప్పుడు "పుస్తకములో నిట్లున్నదా?" యని బడిలో గద్దింపు, "మన మాట మఱచితివా?" యని యింటిలో నొచ్చుకోలు. ఈ మూడును అన్యాయములని మా యభిప్రాయము.

ఇట్టిదే దూరదేశమునందు పండితులు శ్రద్ధతో పరిశీలించిరి. 2004లో పోలండు ఐరోపా సమాఖ్యలో చేరిన పిదప పలువురు పోలిష్ వారు బ్రిటనుకు వలసపోయిరి. బడిలో నేర్చిన ఇంగ్లీషు వేఱు, మాంచెస్టరు వీథులలో వినబడునది వేఱు. అచ్చట "బస్" అను మాట మన చెవికి ఇంచుమించు "బుస్" అని తోచును. "వాకింగ్" అను మాటను పలువురు "వాకిన్" అందురు. పోలిష్ వారి నోట నదియే యొక్కొక్కప్పుడు "వాకింక్" అగును. స్వదేశమునకు మరలిపోదలచినవారిలో ఈ "క్" ఎక్కువగా నిలిచెననియు, అచ్చటనే యుండదలచినవారు "వాకిన్" వైపు మొగ్గిరనియు రాబ్ డ్రమ్మండ్ గారు 2012లో ప్రకటించిరి. నాలుక హృదయము వెంట నడచునని దీనివలన తోచుచున్నది.

ఎడింబరో, లండను నగరముల బడిపిల్లలను గూర్చిన పరిశోధన 2011లో వెలువడెను. వలసవచ్చిన పిల్లలు తోటివారి రూపములనే పలికిరి. కాని యెచ్చట నేది పలుకవలెనను సూక్ష్మమును ఉన్నదున్నట్లు కైకొనక, కొంతవఱకు తమదైన క్రమమును కల్పించుకొనిరి. కావున నిది చిలుకపలుకు గాదు. బుద్ధి చేయు పని.

పరీక్షాపత్రమున శుద్ధభాష వలదా యని కొందఱడుగవచ్చును. వలయును. అక్షరదోషమును దిద్దుడు, వాక్యదోషమును దిద్దుడు. కాని యాస దోషము గాదు. వ్రాతకు నియమము వ్యాకరణము నొసగును. యాసను చెలిమి యొసగును. ఆటస్థలమున నెవరును తోడు రానిచో ఆ బాలునికి ఆ యాస యెట్లబ్బును?

తల్లిదండ్రులారా, బిడ్డ క్రొత్త యాస పలికెనని చింతింపకుడు. ఇంట మీ భాషలోనే మాటలాడుడు, కథలు చెప్పుడు. రెండును వానికి చెల్లును. విద్యార్థులారా, క్రొత్తవాని మాట విని నవ్వు వచ్చినచో నొక్కసారి తలచుకొనుడు: వాడు మీ భాషలో మీతో మాటలాడుచున్నాడు, వాని భాషలో మీకెన్ని మాటలు వచ్చును?