సిలువ యొద్ద మన చేతులు



ఇటలీ దేశంలో పార్మా అనే పట్టణం ఉంది. అక్కడి పెద్ద దేవాలయపు గోడకు ఒక చలువరాతి పలక అమర్చి ఉన్నది. వెడల్పు సుమారు ఏడున్నర అడుగులు, ఎత్తు మూడున్నర అడుగులు. బెనెడెట్టో ఆంతెలామి అనే శిల్పి 1178లో దీనిని చెక్కి, తన పేరును, ఆ సంవత్సరమును రాతిమీదనే వ్రాసి ఉంచాడు. ఆ కాలంలో అక్కడ అచ్చు యంత్రము లేదు. సామాన్యుల ఇండ్లలో బైబిలు లేదు. చదువు వచ్చినవారు కొద్దిమందే. యోహాను సువార్త 19వ అధ్యాయములోని సంగతులను వారు ఇటువంటి రాళ్లలో కన్నులతో చూచేవారు. మనము రాతికి మ్రొక్కము. అయినా అది చెప్పే మాట వినవచ్చును.

నడుమ సిలువ ఉన్నది. ప్రభువు ప్రాణము విడిచియున్నాడు. అరిమతయియ యోసేపు రెండు చేతులతో ఆయన నడుము పట్టుకొని బరువు మోస్తున్నాడు. నీకొదేము నిచ్చెన ఎక్కి ఎడమచేతి మేకు ఊడదీస్తున్నాడు. కుడిచెయ్యి అప్పటికే విడిపడింది. దేవదూత దానిని ఎత్తి పట్టగా, తల్లియైన మరియ తన చెంపకు ఆనించుకొన్నది.

రెండవ ప్రక్క సైనికులు గుమిగూడి ఉన్నారు. వారి చేతుల్లో ప్రభువు అంగీ ఉన్నది. అది ఎవరికి దక్కుతుందా అన్నదే వారి ధ్యాస. ప్రభువు శరీరము వారికి అడుగుల దూరంలోనే ఉన్నది!

యోసేపు భయముచేత తన విశ్వాసమును దాచుకొన్నవాడు. నీకొదేము మొదట రాత్రివేళ వచ్చినవాడు. ప్రభువు అద్భుతములు చేసిన దినములలో వెనుక నిలిచిన ఈ ఇద్దరు, ఆయన వలన ఇక లోకలాభమేమియు లేదన్న దినమున ముందుకు వచ్చారు. ఒకడు పిలాతును అడిగి శరీరమును తీసికొన్నాడు. ఒకడు బోళమును అగరును తెచ్చాడు.

శవము ఇంటిలో ఉండగానే పొలము పంపకముల మాట ఎత్తేవారిని మనము చూచియున్నాము. సంఘములోనూ పదవి కొరకు, పేరు కొరకు చీట్లు వేసే చేతులున్నవి. మంచమెక్కిన ముసలితల్లిని లేవనెత్తే చేతులు, ఒంటరివాని పాడె మోసే భుజములు కొన్నే. ఇంతకాలము వెనుక నిలిచినవారికి కూడ ఆ పనిలో చోటున్నది. యోసేపు, నీకొదేములే అందుకు సాక్షులు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో యోహాను 19:23–42 చదవండి. చదివిన తరువాత ఇంటిల్లిపాది ఒక్కసారి తమ చేతులవైపు చూచుకొనండి. అవి అంగీని పట్టుకొన్నవా, ప్రభువును పట్టుకొన్నవా?