పరుగుకు బలం మన పళ్లెంలోనే ఉంది

"అన్నం తింటే ఒళ్లు బరువెక్కుతుంది, పరుగెత్తలేం" అనే మాట మన హాస్టల్లో తరచూ వింటున్నాం. పోలీసు ఉద్యోగాల 1600 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే అన్నలు కొందరు రాత్రిపూట అన్నం మానేస్తున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న కాస్త డబ్బునూ గ్లూకోజు పొడులకు పెడుతున్నారు. ఇది సరికాదని మా అభిప్రాయం.

పరుగుకు ముఖ్యమైన ఇంధనం పిండిపదార్థాలే. అన్నం, రొట్టె, సంకటి, చిలగడదుంప ఏది తిన్నా వాటిలోని పిండి గ్లూకోజుగా మారుతుంది. అందులో కొంత కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్‌గా నిల్వ ఉంటుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు ఎక్కువగా ఖర్చయ్యేది ఈ నిల్వే. రోజూ సాధన చేస్తూ అన్నం మానేస్తే అది నిండదు. మర్నాడు కాళ్లు కదలవు.

సంకటి తినడం నామోషీ అనుకునేవారు ఒక్క సంగతి గమనించాలి. 2016 రియో ఒలింపిక్స్‌లోనూ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ మారథాన్ స్వర్ణాలు గెలిచిన కెన్యా వీరుడు ఎలియుడ్ కిప్చోగే తినేది ఉగాలి. అంటే మరిగే నీళ్లలో మొక్కజొన్న పిండి కలియబెట్టి వండే సంకటే!

అయితే ఎప్పుడు ఏది తినాలో తెలియాలి. అరటిపండు, బెల్లం త్వరగా అరుగుతాయి కనుక పరుగుకు ముందు కొద్దిగా తినవచ్చు. కడుపునిండా అన్నం తింటే రెండు మూడు గంటలు ఆగాలి. పరుగు అయ్యాక మాత్రం ఆలస్యం చేయకూడదు. ఖాళీ అయిన నిల్వలు అప్పుడే త్వరగా నిండుతాయి. కండరాల మరమ్మతుకు పప్పు, గుడ్డు కూడా కావాలి. కొన్ని నిమిషాల్లో ముగిసే 1600 మీటర్లకు గ్లూకోజు పొడితో పనిలేదు.

మనకున్న కొరత సరుకులది కాదు, వేళలది. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పరుగెత్తి, టిఫిన్ గంట కోసం ఎదురుచూస్తున్నాం. సాయంత్రం మైదానం నుంచి వచ్చేసరికి గుగ్గిళ్ల గిన్నె ఖాళీ. వార్డెన్ గారికి, వంట సిబ్బందికి మా మనవి ఒక్కటే: మెనూ పెంచమని అడగడం లేదు, పరుగుకు వెళ్లినవారి వాటా పక్కన పెట్టించండి. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు సాయం చేయదలిస్తే పొడుల డబ్బాల కన్నా అరటి గెలలు పంపడం మేలు.

మిత్రులారా! అన్నం మానకండి, వేళ తప్పకండి.