డి డ్రైవ్‌లో పెడితే భద్రమేనా?

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు గురించి గంటలు చర్చిస్తాం. స్టోరేజీ దగ్గరకొచ్చేసరికి ‘1 టీబీ ఉందా? చాల్లే’ అనేస్తాం. హార్డ్‌డిస్క్ సెకనుకు 100-150 ఎంబీ చదివితే సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, జెన్‌4 ఎన్‌వీఎంఈ 7,000 దాకా వెళ్తుంది. అయితే కోడింగ్ పనికి జెన్‌3, జెన్‌4 మధ్య తేడా పెద్దగా తెలియదు. ఆ మిగిలే డబ్బు రెండో డ్రైవ్‌కి పెట్టండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో ఎం.2 స్లాట్ ఉంటుంది, కొనేముందే అడగండి.

నన్నడిగితే అసలు గొడవ వేగం కాదు. షాపుల్లో ఒకే ఎస్‌ఎస్‌డీని సి, డి అని రెండు ముక్కలు చేసిస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టు డి లో ఉందిగా అని మన ధీమా. విండోస్ పాడైతే డి బతుకుతుంది, నిజమే. ఎస్‌ఎస్‌డీయే పోతే? రెండూ పోతాయి. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు చూపించండి’ అంటే అప్పుడేం చూపిస్తారు?

రెండు డ్రైవ్‌లున్నాయని వేగం కోసం రెయిడ్ 0గా కలిపేయడం ఇంకా ఘోరం, ఒకటి పోయినా మొత్తం గల్లంతే. విడివిడిగానే ఉంచండి: విండోస్, సాఫ్ట్‌వేర్లు ఒకదాంట్లో, ప్రాజెక్టులు రెండోదాంట్లో. ల్యాప్‌టాప్‌నే ఎవరైనా ఎత్తుకెళ్లినా ఇబ్బంది లేకుండా కోడ్ గిట్‌హబ్‌లో, సర్టిఫికెట్లు, రెజ్యూమె ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో మరో కాపీ ఉండాలి. ఆ డిస్క్‌ని మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగులోనే పెట్టకండి.