ఆమె ఆట ఎందుకు మార్చింది?



మొన్న ఒక హాస్టల్లో పిల్లలు పెట్టుకున్న స్టడీ సర్కిల్‌కి వెళ్లాను. ఒక చెల్లి ఆల్తియా గిబ్సన్ మీద పేపర్ చదివింది. బాగా రాసింది. చివర్లో, "టెన్నిస్, బాస్కెట్‌బాల్, గోల్ఫ్, పైగా పాటలు, సినిమా. ఇంత బహుముఖ ప్రజ్ఞ ఇంకెవరికుంది అన్నా?" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ "బహుముఖ ప్రజ్ఞ" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. పొడుగుంటుంది, ఓపిక పట్టండి.

ఆల్తియా 1927లో అమెరికాలోని సౌత్ కరోలినాలో, సిల్వర్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. అమ్మానాన్నలు వేరేవాళ్ల భూమిలో పత్తి పండించి పంటలో వాటా ఇచ్చుకునే మనుషులు. పంటలు పోయాయి. న్యూయార్క్‌లోని హార్లెమ్‌కి వలసపోయారు. ఇక్కడివరకు చదివితే మన పాలమూరు కథో, పల్నాడు కథో అనిపిస్తుంది కదా?

హార్లెమ్‌లో వాళ్లుండే వీధికి బండ్లు రాకుండా ఆపి పిల్లల్ని ఆడించేవాళ్లు. అక్కడ చెక్క బ్యాటుతో ఆడే పాడిల్ టెన్నిస్‌తో మొదలైంది ఆమె ఆట. బడి ఎగ్గొట్టేది. బాస్కెట్‌బాల్ ఆడేది. ఆట చూసిన నల్లజాతి పెద్దలు తలా కొంత చందా వేసి టెన్నిస్ క్లబ్బులో చేర్పించారు. తెల్లవాళ్ల టెన్నిస్ సంఘం నల్లవాళ్లని రానివ్వదు కాబట్టి, 1916లోనే నల్లవాళ్లు సొంతంగా అమెరికన్ టెన్నిస్ అసోసియేషన్ పెట్టుకున్నారు. అందులో 1947 నుంచి 1956 దాకా వరసగా 10 సార్లు ఆమే చాంపియన్. హ్యూబర్ట్ ఈటన్, రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అని ఇద్దరు నల్లజాతి డాక్టర్లు ఆమెని ఇంట్లో పెట్టుకుని మళ్లీ బడికి పంపారు, ఆట నేర్పించారు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఆమెని తయారుచేసింది ప్రభుత్వం కాదు, తెల్ల క్లబ్బులు కాదు. వాడ చందా. వాడలో చదువుకున్నవాడి అన్నం ముద్ద.

1950లో గేటు తెరిచారు. అదీ ఊరికే కాదు. ఆలిస్ మార్బుల్ అనే తెల్ల చాంపియన్ ఒక పత్రికలో సొంత మనుషుల్నే కడిగేస్తూ రాస్తే తెరిచారు. ఫారెస్ట్ హిల్స్‌లో అమెరికా జాతీయ పోటీలు. రెండో రౌండ్‌లో వింబుల్డన్ విజేత లూయిస్ బ్రౌ ఎదురైంది. మొదటి సెట్ పోయింది, రెండోది ఆల్తియా గెలిచింది, మూడో సెట్‌లో 7-6 ఆధిక్యంలో ఉంది. అప్పుడు ఉరుములూ మెరుపులూ వచ్చి ఆట ఆగింది. మర్నాడు 11 నిమిషాల్లో ఓడిపోయింది.

తర్వాత 1956లో ఫ్రెంచ్ టైటిల్. గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి నల్లజాతి మనిషి ఆమె. ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లను కలిపి లెక్కేసినా. 1957లో వింబుల్డన్. ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా బహుమతి. న్యూయార్క్‌లో కాగితప్పూల వాన కురిపిస్తూ ఊరేగింపు. అదే ఏడాది సెప్టెంబర్ 8న అమెరికా టైటిల్ గెలిచింది. ఫైనల్లో ఎదుట ఉన్నది ఎవరనుకున్నారు? అదే లూయిస్ బ్రౌ.

ఇంకో సంగతి కూడా పక్కన పెట్టి చూడండి. దానికి సరిగ్గా 4 రోజుల ముందు, సెప్టెంబర్ 4న, లిటిల్ రాక్‌లో 9 మంది నల్లజాతి పిల్లలు హైస్కూల్లోకి అడుగుపెట్టకుండా గవర్నర్ సైనికుల్ని నిలబెట్టాడు. కప్పు అందుకునే నల్ల చేయి కావాలి, బడి తలుపు తీసే నల్ల చేయి వద్దు.

ఇది మనకి కొత్తా? పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. ఆయన విసిరిన బంతిని అందరూ ముట్టుకున్నారు. పూనాలో ఆయనకి టీ మాత్రం బయట, వేరే కప్పులో. టోక్యోలో వందనా కటారియా హ్యాట్రిక్ కొట్టింది. సెమీస్‌లో జట్టు ఓడగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే కులం బిడ్డ.

సరే, అసలు విషయానికొస్తా. వింబుల్డన్ రెండుసార్లు, అమెరికా టైటిల్ రెండుసార్లు గెలిచిన మనిషి 1958లో అమెచ్యూర్ టెన్నిస్ ఎందుకు వదిలేసింది? అప్పుడామెకి 31 ఏళ్లు.

డబ్బుల్లేవు. అంతే.

అప్పటి పెద్ద టోర్నీల్లో ప్రైజ్ మనీ ఉండదు. "అమెచ్యూర్" అంటే ఆటని ప్రేమతో ఆడాలి, డబ్బు ముట్టుకుంటే మైల. ఈ నియమం పెట్టింది ఎవరు? గాదె నిండా వడ్లున్నవాడు. ఫలం ఆశించకుండా పని చెయ్యమని మనకి చెప్పేవాడూ వాడే. కూలితల్లి బిడ్డ ఫలం ఆశించకపోతే రాత్రికి పొయ్యి ఎలా వెలుగుతుంది?

అందుకే పాటల రికార్డు చేసింది. అందుకే "ది హార్స్ సోల్జర్స్" సినిమాలో బానిస పాత్ర వేసింది. అక్కడ కూడా బానిసలు మాట్లాడేదని వాళ్లు రాసిన వెక్కిరింపు యాస పలకనని మొండికేసింది, మాటలు మార్పించింది. హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ బాస్కెట్‌బాల్ ఆటకి ముందు జనానికి టెన్నిస్ ఆడి చూపించింది. రొట్టెల కంపెనీకి ప్రచారం చేసింది. వయసు నలభైకి దగ్గరపడుతుంటే, 1964లో, గోల్ఫ్ పట్టుకుంది. ఎల్‌పీజీఏలో తొలి నల్లజాతి మహిళ. కొన్ని క్లబ్బులు లోపలికి రానివ్వకపోతే కారులోనే బట్టలు మార్చుకుని వచ్చి ఆడింది. 171 టోర్నీలు ఆడింది. ఒక్కటీ గెలవలేదు. 1970లో ఒకసారి రెండో స్థానం దాకా వచ్చింది.

టెన్నిస్‌లో డబ్బు 1968లో వచ్చింది. అప్పటికి ఆమె కాళ్ల వయసు అయిపోయింది.

చెల్లీ, ప్రజ్ఞ లేదని నేననను. ఉంది, బోలెడంత ఉంది. కానీ పత్తికాలం పత్తికి, మిర్చికాలం మిర్చికి, ఎండాకాలం ఇటుక బట్టీకి పోయే మా అమ్మని ఎవరూ "బహుముఖ ప్రజ్ఞాశాలి" అనలేదు. కూలి అన్నారు. ఆల్తియా ఆటలు మారిన దారి కూడా చాలావరకు అదే దారి.

ఇప్పుడు మన మీద ఒక మాట. కోపం తెచ్చుకోకండి. ఆ రోజుల్లో నల్లజాతి పత్రికలు కూడా ఆమెని విమర్శించాయి. జాతి గురించి గట్టిగా మాట్లాడదని, ఉద్యమానికి దూరంగా ఉంటుందని. ఆమె తనను ఆటగత్తెగానే చూడమంది. మనమూ ఇంతే చేస్తాం. మనవాళ్లలో ఒక అమ్మాయి మెడల్ తెచ్చిందంటే మర్నాడే "జై భీమ్ అనలేదేం?" అని నిలదీస్తాం. అనాలి, కాదనను. అయితే అడిగేముందు ఆమెకి బూట్లు ఎవరు కొన్నారు, బస్సు ఛార్జీ ఎవరిచ్చారు అని మనల్ని మనం అడిగామా? హార్లెమ్ వాడ ముందు చందా వేసింది, తర్వాత ప్రశ్నించింది. మనం చందా వెయ్యకుండానే ప్రశ్నిస్తున్నాం.

మా చిన్నమ్మ కూతురు, నాకు అక్క. కబడ్డీ, ఖోఖో, పరుగు, లాంగ్ జంప్. ఏ పోటీ పెట్టినా స్కూల్ పేరు నిలబెట్టేది. జిల్లా పోటీలకి బూట్లు మీరే కొనుక్కోండన్నారు. ఉత్తకాళ్లతో పరిగెత్తి రెండో బహుమతి తెచ్చింది. స్టేజీ మీద ఫొటోలో వెనక వరసలో నిలబెట్టారు. ఇప్పుడు మిర్చి కోతకి పోతుంది. ఆ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలో, రేషన్ కార్డు కింద ఉన్నాయి. నేను యూనియన్‌లో తిరుగుతూ వందల మీటింగులు పెట్టాను. అక్కకి బూట్లు కొనలేదు. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

ఆల్తియాకి చివర్లో పక్షవాతం వచ్చింది. అద్దెకి, మందులకి డబ్బుల్లేవు. 1995లో పాత డబుల్స్ జోడీ ఏంజెలా బక్స్‌టన్‌కి ఫోన్ చేసి, ఇక బతకాలని లేదని చెప్పింది. బక్స్‌టన్ ఇంగ్లండ్ యూదు అమ్మాయి. 1956లో వీళ్లిద్దరూ కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచారు. ఆమె ముందు తను సాయం చేసి, ఆ తర్వాత ఒక టెన్నిస్ పత్రికలో ఉత్తరం వేయించింది. లోకం నలుమూలల నుంచి కవర్లలో డబ్బులొచ్చాయి, 10 లక్షల డాలర్ల దాకా. మళ్లీ చందానే, చూడండి. ఆమె 2003లో చనిపోయింది.

2019లో న్యూయార్క్ టెన్నిస్ స్టేడియం దగ్గర విగ్రహం పెట్టారు. 2025లో అమెరికా 25 సెంట్ల నాణెం మీద ఆమె బొమ్మ వేశారు. బతికుండగా ఆమె చేతిలో నిలవని నాణెం మీద, పోయాక ఆమె ముఖం.

విగ్రహాలు వద్దనను, మనకి విగ్రహం విలువ తెలుసు. కానీ విగ్రహం కన్నా ముందు జీతం కావాలి. మన గురుకులాల్లో, హాస్టళ్లలో ఆడుతున్న ప్రతి ఆడపిల్లకి బూట్లు, గుడ్డు, కోచ్, ఆట ఆగిపోయాక ఉద్యోగం. ఇవి సన్మానాలు కావు, హక్కులు. అడుగుదాం. ప్రభుత్వం ఇచ్చేలోపు మన వాడలో ఒక్క పిల్లకైనా చందా వేద్దాం. మా అక్క కూతురు ఇప్పుడు ఎనిమిదో తరగతి. పరుగులో మొదటిదట. ఈసారి బూట్లు నేను కొన్నాను.

తరువాయి వచ్చే ఆదివారం. జై భీమ్.