పాత స్పోర్ట్స్ కారుకు కొత్త కన్వర్టర్: చూడాల్సింది వయసునా, పొగనా?

ఎప్పుడో ముచ్చటపడి కొన్న స్పోర్ట్స్ కారును నేటికీ కాపాడుకుంటూ వస్తున్న యజమానులకు 2025 సంవత్సరం తీరిక లేకుండా చేసింది. 20 ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ఆగస్టులో భారీగా పెంచింది. సాధారణ కారుకు 10 వేల రూపాయలు, దిగుమతి చేసుకున్న కారుకు 80 వేల రూపాయలు చెల్లించాలి. అదే నెలలో దేశ రాజధాని ప్రాంతానికి సంబంధించి సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల యజమానులపై కేవలం వయసు కారణంగా కఠిన చర్యలు తీసుకోరాదని ఆదేశించింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆ పై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది.

ఈ వివాదంలో పాత కార్ల అభిమానుల వాదన ఒక్కటే. బండి వయసును కాదు, అది వదిలే పొగను చూడండి అని వారు కోరుతున్నారు. అది న్యాయమైన కోరికే. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగని, చక్కగా సంరక్షించిన కారును, రోజంతా నగరంలో తిరిగే అరిగిపోయిన బండితో ఒకే గాటన కట్టడం సబబు కాదు. అయితే పొగనే ప్రమాణంగా తీసుకోమని అడిగినవారు తమ కారు అడుగున ఏం బిగించారో కూడా చూపించగలగాలి. చర్చంతా అక్కడికి, అంటే ఇంజనుకూ సైలెన్సరుకూ నడుమ ఉండే కెటలిటిక్ కన్వర్టర్ దగ్గరికి వచ్చి ఆగుతుంది.

మన దేశంలో ఈ పరికరం 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లోని కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి అయింది. సీసం కలిసిన పెట్రోలు దీనికి విషం వంటిది కనుక సీసరహిత పెట్రోలు కూడా అప్పుడే ఆ నగరాల్లో అడుగుపెట్టింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా వ్యాపించింది. పరికరం లోపల తేనెపట్టును పోలిన సన్నని గదులుంటాయి. వాటి గోడలపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలను అతి పల్చగా పూస్తారు. ఇంజను నుంచి వచ్చే వేడి వాయువులు ఆ గోడలను తాకుతూ సాగినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు ఆక్సీకరణ చెందుతాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోయి నైట్రోజన్‌గా మారుతాయి. ఈ చివరి పనిలో ముఖ్యపాత్ర రోడియానిది.

కారు కర్మాగారం నుంచి వచ్చే కన్వర్టర్‌లో చదరపు అంగుళానికి సాధారణంగా 400 లేదా 600 గదులుంటాయి. 'హైఫ్లో' పేరుతో విపణిలో దొరికే వాటిలో 200, కొన్నింటిలో 100 గదులే ఉంటాయి. గదులు పెద్దవైతే వాయువు సులువుగా బయటపడుతుంది, ఇంజనుపై వెనుక ఒత్తిడి తగ్గుతుంది. కానీ వాయువు తాకే ఉపరితలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఆ లోటును ఎక్కువ లోహపూతతోనో, సిరామిక్ బదులు పల్చని లోహపు రేకు వాడటం ద్వారానో కొంత పూడ్చవచ్చు. మంచి తయారీదారులు చేసేది అదే. ధర పెరిగేదీ అందుకే.

ఇందులో శక్తి ఎంత పెరుగుతుందన్నది యజమానుల తొలి ప్రశ్న. టర్బో ఉన్న ఇంజన్లలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. టర్బో లేని పాత ఇంజన్లలో మాత్రం లాభం స్వల్పం. కొత్తది బిగించగానే బండి పికప్ తిరిగి వచ్చిందని చాలామంది మురిసిపోతారు. నిజానికి వారు అనుభవిస్తున్నది హైఫ్లో మహిమ కాకపోవచ్చు. పాత కన్వర్టర్ పూడుకుపోయి ఇంజను ఊపిరాడక ఉండి ఉంటుంది. దాని స్థానంలో మామూలు 400 గదుల కన్వర్టర్ పెట్టినా అదే హుషారు వచ్చి ఉండేది.

పూడుకుపోవడానికీ కారణం ఉంటుంది. ఇంజను ఆయిల్ తాగుతుంటే అందులోని భాస్వరం లోహపూతపై పేరుకుంటుంది. స్పార్క్ సరిగా పడక మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండితే లోపలి సిరామిక్ కరిగిపోతుంది. ఆ రోగాన్ని కుదర్చకుండా ఎంత ఖరీదైన కన్వర్టర్ బిగించినా దానికీ అదే గతి పడుతుంది. అందుచేత కొనుగోలుకు ముందు ఖర్చు పెట్టాల్సింది ప్లగ్గులు, కాయిళ్లు, ఆక్సిజన్ సెన్సర్, పిస్టన్ రింగుల పరీక్షపైన. ఒక విషయంలో మాత్రం పాత కార్లకు కాలం కలిసివచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే; బీఎస్-3 కాలంలో ఆ పరిమితి 150. కన్వర్టర్‌ను మందగింపజేసే పదార్థాల్లో గంధకం ఒకటి కనుక నేడు బిగించే కొత్త పరికరానికి ఆనాటికంటే మంచి ఇంధనమే అందుతోంది.

ఇక అసలు చిక్కు మన తనిఖీలోనే ఉంది. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కారుకు పీయూసీ ధ్రువపత్రం కావాలంటే, నిలబడి ఉన్న బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం మించకూడదు. బీఎస్-4 కారుకు ఈ పరిమితులు 0.3 శాతం, 200 పీపీఎం. నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్షలో కొలవరు. అవి అధికంగా పుట్టేది ఇంజను భారం మోస్తూ బాగా వేడెక్కినప్పుడు, అంటే స్పోర్ట్స్ కారును దాని స్వభావానికి తగ్గట్టు నడిపినప్పుడు. ఎండలో హైడ్రోకార్బన్లతో కలిసి నేలమట్టపు ఓజోన్‌కు మూలమయ్యేవీ ఇవే.

దీనికి లోహాల ధర తోడైంది. ప్రపంచ రోడియం సరఫరాలో సింహభాగం దక్షిణాఫ్రికాది. 2021లో దాని ధర ఔన్సుకు దాదాపు 29 వేల డాలర్లకు చేరింది. గుజరాత్, మహారాష్ట్రలలో ఆగి ఉన్న వ్యాన్ల సైలెన్సర్లను దొంగలు కోసుకుపోయింది ఈ లోహాల పొడి కోసమే. తర్వాత ధర బాగా దిగివచ్చినా అది ఇప్పటికీ విలువైన లోహమే. అలాంటప్పుడు అతి చౌకగా దొరికే కన్వర్టర్‌లో ముందుగా కోతపడేది ఏ లోహమో ఊహించడం కష్టం కాదు. మూడు లోహాల్లో అత్యంత ఖరీదైనదిగా పేరుపడిన రోడియం చేసే పనినే మన పరీక్ష కొలవడం లేదు. రోడియం నామమాత్రంగా ఉన్న కన్వర్టర్ పీయూసీ కేంద్రంలో నెగ్గవచ్చు. ఇంజను కండిషన్‌లో ఉంటే, లోపలి తేనెపట్టును పగలగొట్టి ఖాళీ చేసిన డొల్ల కూడా పాత ప్రమాణాల్లో గట్టెక్కిపోవచ్చు.

కాలిఫోర్నియా ఈ లొసుగును వేరే దారిలో మూసింది. అక్కడి వాయు వనరుల మండలి 2009 జనవరి నుంచి విడిగా అమ్మే కన్వర్టర్లకు కఠిన ప్రమాణాలు పెట్టింది. ఆమోదం పొందిన ప్రతి కన్వర్టర్ పైకప్పుపై ఉత్తర్వు సంఖ్య ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య కారు మోడల్, సంవత్సరం, ఇంజన్‌లకు సరిపోలాలి. 1976, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లు సాధారణంగా రెండేళ్లకోసారి తనిఖీకి వెళ్లాలి. కొలతలు సరిపోయినా ముద్ర సరిపోకపోతే బండి తప్పినట్టే. సిలికాన్ వ్యాలీలో స్థిరపడి పాత మజ్దా మియాటానో, పోర్షె బాక్‌స్టర్‌నో వారాంతపు బండిగా ఉంచుకున్న తెలుగువారికి ఇది పరిచయమైన తతంగమే. అక్కడ హైఫ్లో కన్వర్టర్ ఎంపిక ఉత్తర్వు సంఖ్యతో మొదలవుతుంది, గదుల లెక్క ఆ తర్వాతి మాట.

మన చట్టం మౌనంగా ఏమీ లేదు. తయారీదారు మూల నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షన్ కింద 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి. పనికిరాని కన్వర్టర్ స్థానంలో అదే పని చేసే మరొకటి పెట్టడం మరమ్మతు కిందికి వస్తుంది. దాన్ని తీసేసి ఉత్త గొట్టం బిగించడం ఉల్లంఘన. చౌక హైఫ్లో ఈ రెంటి మధ్య ఎక్కడ నిలుస్తుందో పీయూసీ కేంద్రంలోని యంత్రం చెప్పలేదు.

అందువల్ల ప్రస్తుతానికి ఆ భారం కొనేవారి మీదే పడుతోంది. రోడ్డుపై తిరిగే కారుకు 400 గదులు క్షేమం. టర్బో ఇంజను అయితే పేరున్న తయారీదారు లోహపు రేకుతో చేసిన 200 గదుల కన్వర్టర్‌ను పరిశీలించవచ్చు. 100 గదులవి రేస్ ట్రాక్‌కే పరిమితం కావడం మంచిది. తమ కన్వర్టర్ ఏ ఉద్గార ప్రమాణానికి పరీక్షితమైందో లిఖితపూర్వకంగా చెప్పని అమ్మకందారుతో బేరం అనవసరం. బిగించే చోటు కూడా ముఖ్యమే. వేడి 250 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ లోహపూత పని మొదలుపెట్టదు కనుక, వెల్డింగ్ సౌలభ్యం కోసం ఇంజనుకు దూరంగా జరిపితే చల్లని బండి మొదటి నిమిషాల పొగంతా శుద్ధి కాకుండానే పోతుంది. కన్వర్టర్ వెనుక రెండో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కార్లలో హెచ్చరిక దీపం వెలిగితే, సెన్సర్‌ను ఏమార్చే చిన్న గొట్టాన్ని మెకానిక్ చూపిస్తాడు. ఆ దీపం వెలిగిందంటే కొన్న కన్వర్టర్ తన పని చేయడం లేదని కారే చెబుతోందన్నమాట. అప్పుడు వెనక్కి ఇవ్వాల్సింది కన్వర్టర్‌ను.