దెబ్బలు తిన్న పితరులు, తూకం వేయని సాక్ష్యాలు



మన పితరులు క్రీస్తు కోసం దెబ్బలు తిన్నారని ఉజ్జీవ కూటాల్లో తరచుగా చెబుతుంటాం. ఆ మాట నిజమే. అయితే ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు, ఆ సంగతి మనదాకా ఎవరు చేర్చారు అని పిల్లలు అడిగితే మనలో చాలామందిమి జవాబు చెప్పలేం. ఈ వారం దాని గురించే ఆలోచిద్దాం.

ఒంగోలు సంగతి తీసుకుందాం. యర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మం పొందారు. 1867 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఎనిమిది మందితో ఒంగోలు సంఘాన్ని స్థాపించారు. ఆ నెలలోనే పేరయ్యగారి ఊరి దగ్గర, తాళ్లకొండపాడులో, 28 మంది మాదిగ విశ్వాసులు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు మూడింటిని మానుకున్నారు: ఆదివారం పని, జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన పశువు మాంసం తినడం. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. కట్టుబాట్లు పెట్టారు, అంగట్లో సరుకులు ఇవ్వనివ్వలేదు, కొట్టించారు, అబద్ధపు కేసులు పెట్టించారు.

ఈ సంగతులు మనకు ముఖ్యంగా రెండు పుస్తకాల నుంచి తెలుస్తున్నాయి. 1899లో వచ్చిన 'వైల్ సోయింగ్ శాండల్స్' దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసింది. మాదిగ పెద్దల నోటి మాటలు విని రాశారావిడ. 1914లో వచ్చిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' దొరగారే చెబుతున్నట్టు సాగుతుంది. కానీ ఆయన 1910లోనే ప్రభువు దగ్గరికి వెళ్లారు. దాన్ని కూర్చింది కూడా ఆమెగారే. రెండూ ఇంగ్లీషులో, దూరదేశపు విశ్వాసుల కోసం రాసినవి. వాటిలో కరణం మాట మిషనరీ కలం గుండానే వస్తుంది. దెబ్బలు తిన్నవాళ్ల మాటా అంతే.

అలాగని వాటిని పక్కన పెట్టాలా? మా బెళుగుప్ప రైతును అడగండి. చెనిక్కాయలు తూకానికి పెట్టేముందు మట్టి, రాళ్లు ఏరేస్తాడు. మట్టి ఉంది కదా అని బస్తా పారేయడు. మట్టితో కలిపి తూస్తే మాత్రం అది మోసం అంటాడు.

ఆ పుస్తకాలు ఊరి ఏర్పాటును కూడా వివరిస్తాయి. తోలు పని, చెప్పులు, కపిల బొక్కెనలు, డప్పు మాదిగల వంతు. కళ్లంలో గింజలు వాళ్ల కూలి. ఆదివారం పని మానితే, జాతరలో డప్పు ఆగితే, ఊరి పెత్తనానికే దెబ్బ. కాబట్టి మిషనరీ దానికి 'హింస' అని పేరు పెట్టారు. కరణం దృష్టిలో అది పనివాడి ఎదురుతిరుగుడు. దెబ్బ తిన్న మనిషికి మాత్రం అది దేవునికి లోబడటమూ, తలెత్తుకుని నిలబడటమూ. విశ్వాసాన్నీ, పనినీ, గౌరవాన్నీ కలిపి చూస్తేనే వాళ్లు ఎంత వెల చెల్లించారో తెలుస్తుంది. ఒక్కటే చెబితే వాళ్ల సాక్ష్యాన్ని మనమే తగ్గించినట్టు.

ఇంకో దేశపు సంగతి కూడా మనకు పనికొస్తుంది. మోర్మనుల బోధతో మనకు సమ్మతి లేదు. కానీ వాళ్ల చరిత్రలో మనకొక హెచ్చరిక ఉంది. 1838 అక్టోబరు 30న మిస్సోరీలోని హాన్స్ మిల్ దగ్గర అల్లరిమూక 17 మంది మోర్మనులను చంపింది. ఆ గాయాన్ని వాళ్లు మరువలేదు. 1857 సెప్టెంబరులో యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర మోర్మను దళమే బండ్లమీద వలసపోతున్న కుటుంబాలను, సుమారు 120 మందిని, చంపింది. 17 మంది పసిపిల్లలు మాత్రం మిగిలారు. చాలాకాలం ఆ నేరాన్ని పైయూట్ ఆదివాసుల మీదే మోపారు. శిక్ష పడింది జాన్ డి. లీ ఒక్కడికే, 1877లో. చివరికి 1950లో జువానిటా బ్రూక్స్ అనే మోర్మను స్త్రీ పాత కాగితాలన్నీ వెదికి, తన వాళ్ల తప్పును తానే పుస్తకంగా రాసింది. తమకే నష్టమైనా చెప్పే సాక్ష్యానికి బరువెక్కువ.

మొదట మాట్లాడినవాడి మాట న్యాయంగానే తోస్తుందని, ఎదుటివాడు వచ్చి పరీక్షించేదాకా తేలదని సామెతలు 18:17 నేర్పుతుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని ద్వితీయోపదేశకాండము 19:15 చెబుతుంది. నేడు ఫోన్లలో తేదీ, ఊరు పేరు లేని దాడుల వీడియోలు తిరుగుతున్నాయి. వాటిని పంపేముందు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అని అడగండి. మీ సంఘంలో నిజంగా దాడి జరిగితే ఆ రోజే రాసి పెట్టండి. దెబ్బ తిన్నవాళ్ల మాటను వాళ్ల మాటల్లోనే రాయండి. ఒక్క అబద్ధం పది నిజాల మీద అనుమానం తెస్తుంది.

ఇంకొక పుస్తకం కూడా మనం తెరవాలి. చాలా ఊళ్లలో మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు. ఒకే ప్రభువు బల్ల దగ్గర ఎవరిని వెనక్కి నెట్టామో, ఎవరింట సంబంధం వద్దన్నామో రాసినవాళ్లు తక్కువ. మనమీద పడ్డ దెబ్బలు లెక్కపెట్టే చేతితోనే మనం కొట్టిన దెబ్బలూ రాద్దాం. పితరులకు అదే నిజమైన గౌరవం.

సత్యమే మనలను స్వతంత్రులను చేయును గాక. ఆమేన్.